వేరే ప్రాసెస్ మెమరీ చదవాలంటే: పీట్రేసా, మెమ్ ఫైలా, వీఎం రీడ్‌వీనా?

రన్ అవుతున్న ప్రోగ్రాము లోపల ఒక వేరియబుల్ విలువ ఎంతుందో బయటి నుంచి చూడాలి. మీరు డీబగ్గర్ రాస్తుండొచ్చు, ప్రొఫైలర్ రాస్తుండొచ్చు, లేదా అర్ధరాత్రి ఇరుక్కుపోయిన సర్వీసుని రీస్టార్ట్ చేసేలోపు అసలు ఎక్కడ ఇరుక్కుందో తెలుసుకోవాలనుకుంటూ ఉండొచ్చు. పని ఏదైనా కెర్నల్‌ని, అంటే ఆపరేటింగ్ సిస్టమ్ నడిబొడ్డున ఉండే ప్రోగ్రాముని, అడగక తప్పదు, ఎందుకంటే ప్రతి ప్రాసెస్‌కీ తన పేజీ టేబుల్ (అడ్రస్‌లని ర్యామ్‌తో కలిపే పట్టిక) తనకుంటుంది, ఒకే అడ్రస్ నంబరు రెండు ప్రాసెస్‌లలో ఉన్నా వాటి వెనక ఉండే ర్యామ్ వేరు, ఆ రెండు వైపులా ఏముందో తెలిసింది కెర్నల్‌కి మాత్రమే.

లినక్స్‌లో ఆ అడగడానికి ముఖ్యంగా మూడు దారులున్నాయి. మొదటిది పీట్రేస్ అనే సిస్టమ్ కాల్‌లోని (డీబగ్గర్లు వేరే ప్రాసెస్‌ని ఆపి చూడటానికి వాడేది) పీక్, పోక్ రిక్వెస్టులు, అంటే చదవడం, రాయడం. రెండోది /ప్రాక్ కింద ఆ ప్రాసెస్ నంబరు ఫోల్డర్లో ఉండే మెమ్ అనే ఫైలు. మూడోది ప్రాసెస్ వీఎం రీడ్‌వీ, దాని జోడీ ప్రాసెస్ వీఎం రైట్‌వీ. చదివే పని మూడూ చేస్తాయి కాబట్టి ఏదైనా ఒకటేలే అనిపిస్తుంది. కాదు. తేడాలు ముఖ్యంగా రాసేటప్పుడూ, టార్గెట్ (మీరు చూస్తున్న ప్రాసెస్) ఆగకుండా నడుస్తున్నప్పుడూ బయటపడతాయి.

నా సలహా ముందే చెప్పేస్తాను, కారణాలు తర్వాత చదవండి. కేవలం చదవడమే మీ పని అయితే వీఎం రీడ్‌వీతో మొదలుపెట్టండి. బ్రేక్‌పాయింట్ (ప్రోగ్రాము ఫలానా చోట ఆగేలా పెట్టే గుర్తు) పెట్టాలన్నా, కోడ్ మార్చాలన్నా మెమరీ కోసం మెమ్ ఫైలు వాడండి, టార్గెట్‌ని ఆపడానికీ సీపీయూ రిజిస్టర్లకీ పీట్రేస్ వాడండి. పీక్, పోక్‌లతో మెమరీ చదివే కొత్త కోడ్ మాత్రం ఇప్పుడు రాయొద్దు, మిగతా రెండూ లేని చోట చివరి ఆసరాగా ఉంచుకుంటే చాలు.

పర్మిషన్ చూసి ఎంచుకోకండి

చాలామంది ఇక్కడే పొరబడతారు. పీట్రేస్ అటాచ్‌కి (టార్గెట్‌ని పట్టుకోవడానికి) పర్మిషన్ లేదని ఎర్రర్ వచ్చింది కదా, మెమ్ ఫైలు ద్వారా వెళ్దాం అనుకుంటారు. అక్కడా అదే ఎర్రర్ వస్తుంది. మూడు దారుల్లోనూ కెర్నల్ చేసే తనిఖీ దాదాపు ఒకటే: మీ యూజర్ ఐడీ, గ్రూప్ ఐడీ టార్గెట్ రియల్, ఎఫెక్టివ్, సేవ్డ్ ఐడీలు మూడింటితోనూ సరిపోవాలి, లేదంటే మీకు క్యాప్ సిస్ పీట్రేస్ అనే కేపబిలిటీ (సూపర్‌యూజర్ రూట్ అధికారంలో ఒక ముక్క) ఉండాలి. ఆ తర్వాత టార్గెట్ డంపబుల్‌గా ఉందా, అంటే తన మెమరీని బయటివాళ్లకి చూపనిచ్చే జెండా దానికుందా అని చూస్తుంది. సెట్‌యూఐడీ ప్రోగ్రాములు (ఎవరు నడిపినా తమ ఓనర్ హక్కులతో నడిచేవి) డంపబుల్ కావు, రహస్యాలు దాచుకునే ప్రోగ్రాములు పీఆర్‌సీటీఎల్ అనే సిస్టమ్ కాల్ ద్వారా కావాలనే ఆ జెండా తీసేసుకుంటాయి, ఎస్ఎస్‌హెచ్ ఏజెంట్ చేసేది అదే. అన్నీ దాటాక యామా, ఎస్ఈలినక్స్, యాప్‌ఆర్మర్ లాంటి సెక్యూరిటీ మాడ్యూళ్ల వంతు.

వీటిలో రోజూ అందరికీ తగిలేది యామా. కెర్నల్ సెట్టింగుల్లో పీట్రేస్ స్కోప్ అని ఒకటుంటుంది, దాని విలువ 0 నుంచి 3 వరకు. 0 అయితే పాత పద్ధతి, ఒకే యూజర్ ప్రాసెస్‌లు ఒకదాన్నొకటి చూడొచ్చు. 1 అయితే మీరు మీ సంతానాన్నే చూడగలరు, అంటే మీరు స్టార్ట్ చేసిన ప్రాసెస్‌లు, వాటి పిల్లలు. ఉబుంటులో డీఫాల్ట్ ఇదే, అందుకే జీడీబీ డీబగ్గర్ లోపలి నుంచి ప్రోగ్రాము రన్ చేస్తే పనిచేస్తుంది, ముందే రన్ అవుతున్నదానికి అటాచ్ అవ్వబోతే కుదరదంటుంది. 2 అయితే కేపబిలిటీ ఉన్నవాళ్లకే. 3 పెడితే రూట్‌కి కూడా దారి మూసుకుపోతుంది, మళ్లీ రీబూట్ చేసేదాకా ఆ విలువ మార్చలేరు. పీట్రేస్ స్కోప్ అని పేరున్నంత మాత్రాన అది పీట్రేస్‌కే పరిమితం అనుకోవద్దు, అటాచ్ స్థాయి పర్మిషన్ అడిగే ప్రతి దారికీ వర్తిస్తుంది, మెమ్ ఫైలూ వీఎం రీడ్‌వీ కూడా అందులోనే ఉన్నాయి.

డెవలప్‌మెంట్ మెషీన్‌లో పీట్రేస్ స్కోప్ 0 చేసేసి మర్చిపోయేవాళ్లని చూశాను. అలా చేయకండి. మీ బ్రౌజర్ లోపల ఉన్న పాస్‌వర్డ్‌లు మీ యూజర్ కింద నడిచే ఏ చెత్త స్క్రిప్ట్ అయినా చదవగలిగే పరిస్థితి అది. టార్గెట్ మీ సొంత కోడే అయితే అదే స్వయంగా పీఆర్‌సీటీఎల్‌తో ఫలానా ప్రాసెస్ నన్ను ట్రేస్ చేయొచ్చు అని చెప్పుకునే వీలు యామాలో ఉంది. క్రాష్ రిపోర్టర్లు వాడేది ఆ దారే.

పీక్, పోక్: ఒక్కో గుక్క

పీట్రేస్ యూనిక్స్‌లో 1970ల నాటి సిస్టమ్ కాల్, ఆ వయసు దానిలో కనిపిస్తుంది. పీక్‌డేటా ఒకసారి పిలిస్తే ఒక వర్డ్ ఇస్తుంది, 64 బిట్ మెషీన్ మీద 8 బైట్లు. లెక్క మీరే వేయండి: 1 ఎంబీ చదవాలంటే 1,31,072 సిస్టమ్ కాల్స్. ఒక లోకల్ వేరియబుల్ చూసుకోవడానికి ఫర్వాలేదు, ఒక పెద్ద హ్యాష్ టేబుల్‌ని నడిచి చూడాలంటే మాత్రం ఏడుపొస్తుంది.

సీ లైబ్రరీ రేపర్ ఫంక్షన్ విలువని రిటర్న్ విలువగానే ఇస్తుంది కాబట్టి ఇంకో ఇబ్బంది కూడా ఉంది. మెమరీలో నిజంగానే మైనస్ 1 ఉంటే? ఎర్రర్ వచ్చినా మైనస్ 1 ఏ వస్తుంది. అందుకని పిలిచే ముందు ఎర్రర్ నంబరు ఉండే ఎర్ర్‌నోని సున్నా చేసి, పిలిచాక అది మారిందో లేదో చూడాలి. ఇది మర్చిపోయిన కోడ్ నెలలకొద్దీ బాగానే పనిచేస్తూ, ఒక రోజు అన్ని బిట్లూ 1 ఉన్న వర్డ్ తగలగానే లేని ఎర్రర్ చూపిస్తుంది. పీక్‌టెక్స్ట్, పీక్‌డేటా అని రెండు పేర్లున్నాయి గానీ లినక్స్‌లో రెండూ ఒకటే, కోడ్‌కీ డేటాకీ వేరు అడ్రస్ స్పేస్‌లు ఉన్న పాత మెషీన్ల జ్ఞాపకం అది.

దీన్ని వాడాలంటే ముందు అటాచ్ అవ్వాలి, పీక్ చేసే క్షణానికి టార్గెట్ ఆగి ఉండాలి. ఒక థ్రెడ్‌కి ఒక్క ట్రేసరే ఉండగలడు. ఎవరో ఇప్పటికే ఎస్‌ట్రేస్ (సిస్టమ్ కాల్స్ చూపించే టూల్) నడుపుతుంటే మీ జీడీబీకి చోటు లేదు, ఆ ప్రాసెస్ స్టేటస్ ఫైల్లో ట్రేసర్‌పిడ్ అనే లైన్ చూస్తే ఎవరు పట్టుకున్నారో తెలుస్తుంది. పైగా పీట్రేస్ రిక్వెస్టులన్నీ అటాచ్ చేసిన అదే థ్రెడ్ నుంచే రావాలి. గో భాషలో టూల్ రాసేవాళ్లకి ఇది బాగా తగులుతుంది, రన్‌టైమ్ మీ గోరూటీన్‌ని (గో తేలికపాటి థ్రెడ్‌ని) ఇంకో థ్రెడ్ మీదకి మార్చేస్తే ప్రాసెసే లేదన్న ఎర్రర్ వస్తుంది, ఓఎస్ థ్రెడ్‌ని లాక్ చేసుకోవాలి, డెల్వ్ డీబగ్గర్ కూడా అదే చేస్తుంది.

ఇంత చెప్పినా పీట్రేస్‌ని పూర్తిగా వదిలించుకోలేం. రిజిస్టర్లు చూడాలన్నా, ఒక్కో ఇన్‌స్ట్రక్షన్ నడిపించాలన్నా, సిగ్నల్ పట్టుకోవాలన్నా అదే గతి. కనీసం పాత అటాచ్ బదులు సీజ్ వాడండి, లినక్స్ 3.4 నుంచి ఉంది. అటాచ్ అయితే టార్గెట్‌కి సిగ్‌స్టాప్ అనే ఆపే సిగ్నల్ పంపుతుంది, సీజ్ మాత్రం పట్టుకుంటుంది గానీ ఆపదు, మీకు కావలసినప్పుడు ఇంటరప్ట్ రిక్వెస్టుతో ఆపుకోవచ్చు.

మెమ్ ఫైలు: నాకు ఎక్కువ నమ్మకం ఉన్నది

ప్రాసెస్‌ని ఫైలులా చూపించాలన్న ఆలోచన టామ్ కిలియన్‌ది, ఎనిమిదో ఎడిషన్ యూనిక్స్ కోసం చేశాడు, 1984లో దాని గురించి పేపర్ రాశాడు. లినక్స్‌లో వాడటం చాలా సులువు: /ప్రాక్/పిఐడి/మెమ్ (పిఐడి అంటే ప్రాసెస్ నంబరు) తెరవండి, కావలసిన అడ్రస్‌నే ఆఫ్‌సెట్‌గా ఇచ్చి పీరీడ్ చేయండి. ఏ అడ్రస్‌లు చెల్లుతాయో పక్కనే ఉన్న మ్యాప్స్ ఫైలు చెబుతుంది. ఒకే కాల్‌లో ఎన్ని ఎంబీలైనా అడగొచ్చు. లోపల కెర్నల్ ఒక్కో పేజీని తన తాత్కాలిక బఫర్లోకి తెచ్చి, అక్కడి నుంచి మీకు కాపీ చేస్తుంది కాబట్టి రెండు కాపీలవుతాయి, అయినా పీక్‌తో పోల్చాల్సిన పనే లేదు.

దీని అసలు బలం వేరే ఉంది. కోడ్ ఉండే పేజీలు రీడ్ ఓన్లీగా ఉంటాయి, అయినా బ్రేక్‌పాయింట్ పెట్టాలంటే అక్కడే రాయాలి, ఎక్స్86లో ఇంట్3 అనే ఒక్క బైటు. మెమ్ ఫైలు ఫోల్ ఫోర్స్ అనే లోపలి జెండాతో ఆ పేజీ పర్మిషన్‌ని పక్కనపెట్టి రాయగలదు, పోక్ కూడా రాయగలదు, వీఎం రైట్‌వీ మాత్రం రాయలేదు. ఆ రాత టార్గెట్ వరకే ఉంటుంది. సీ లైబ్రరీ పేజీ వందమంది పంచుకుంటున్నా, కాపీ ఆన్ రైట్ వల్ల టార్గెట్‌కి సొంత కాపీ తయారై అందులోనే ఇంట్3 పడుతుంది, మిగతావాళ్లకి ఏమీ తెలియదు.

ఈ బలమే రెండుసార్లు కొంప ముంచింది, ఆ కథ తెలిస్తే ఈ ఫైలు ఇప్పుడిలా ఎందుకు ప్రవర్తిస్తుందో అర్థమవుతుంది. చాలాకాలం మెమ్ ఫైల్లోకి రాయడం ఆపి ఉంచారు, 2.6.39లో, అంటే 2011లో తెరిచారు. 2012 జనవరిలో జేసన్ డోనెన్‌ఫెల్డ్ మెంపోడిప్పర్ అనే ఎక్స్‌ప్లాయిట్ చూపించాడు: రూట్ హక్కులతో నడిచే, యూజర్ మార్చే సు ప్రోగ్రాము తన ఎర్రర్ మెసేజీని తన మెమరీలోకే రాసుకునేలా చేశాడు, ఆ మెసేజీలో ఏముండాలో మాత్రం దాడి చేసేవాడు నిర్ణయిస్తాడు. సెక్యూరిటీ బగ్గుల జాబితాలో దాని నంబరు సీవీఈ-2012-0056. దానికి ఫిక్స్‌గా పర్మిషన్ తనిఖీని ఫైలు తెరిచే క్షణానికి మార్చారు, తెరిచినప్పుడు ఉన్న అడ్రస్ స్పేస్‌కే ఆ ఫైలుని కట్టేశారు.

ఆ ఫిక్స్ వల్ల మనకి మంచి గుణం ఒకటి దొరికింది. టార్గెట్ ఎగ్జెక్ చేసి ఇంకో ప్రోగ్రాముగా మారిపోయినా, చచ్చిపోయి దాని నంబరు ఇంకెవరికో వెళ్లినా, మీ చేతిలో ఉన్న ఫైలు పాత అడ్రస్ స్పేస్‌నే చూపిస్తుంది, అది అయిపోయాక రీడ్ సున్నా ఇస్తుంది. తప్పు ప్రాసెస్‌ని చదివే ప్రమాదం ఉండదు. తనిఖీ తెరిచేటప్పుడే కాబట్టి, హక్కులున్న చిన్న హెల్పర్ ఫైలు తెరిచి ఆ డిస్క్రిప్టర్‌ని (తెరిచిన ఫైలుకి గుర్తు) యూనిక్స్ సాకెట్ ద్వారా హక్కుల్లేని ప్రాసెస్‌కి అందించొచ్చు. ప్రివిలేజ్ విడదీసి టూల్ కట్టేవాళ్లకి ఇది చాలా పనికొస్తుంది. అదే డిస్క్రిప్టర్ లీక్ అయితే ఎవరి చేతిలో పడితే వాళ్లు చదివేస్తారు, అందుకని ఎగ్జెక్ చేయగానే ఫైలు మూసేసే క్లోజ్ ఆన్ ఎగ్జెక్ జెండా తప్పకుండా పెట్టండి.

రెండోది 2016 అక్టోబరులో బయటపడ్డ డర్టీ కౌ, సీవీఈ-2016-5195. బలవంతంగా రాసే దారికీ కాపీ ఆన్ రైట్‌కీ మధ్య ఉన్న రేస్ (టైమింగ్ మీద ఆధారపడ్డ బగ్) అది. ఎక్స్‌ప్లాయిట్ తన సొంత మెమ్ ఫైల్లోకి రాస్తూ, ఇంకో థ్రెడ్‌లో ఆ పేజీని పదేపదే పారేయమని ఎంఅడ్వైజ్ కాల్‌తో చెబుతూ ఉంటే, చివరికి రాత ప్రైవేట్ కాపీలో కాకుండా అసలు ఫైలు మీదే పడేది. 2.6.22 నుంచి, అంటే 2007 నుంచి ఆ బగ్ అక్కడే ఉంది.

అందుకే ఇప్పుడు దీనికి కళ్లెం వేసే ఆప్షన్ వచ్చింది. లినక్స్ 6.12 నుంచి ప్రాక్ మెమ్ ఫోర్స్ ఓవర్‌రైడ్ అనే బూట్ పారామీటర్ ఉంది, మూడు విలువలు: ఎప్పుడూ అనుమతించు, పీట్రేస్‌తో అటాచ్ అయినవాళ్లకే అనుమతించు, అసలు వద్దు. ఏదీ ఇవ్వకపోతే కెర్నల్ బిల్డ్‌లో ఎంచుకున్నది నడుస్తుంది. మీరు మెమ్ ఫైలుతో బ్రేక్‌పాయింట్లు పెట్టే టూల్ రాస్తుంటే, రెండో సెట్టింగ్ ఉంటుందనే ఊహతో రాయండి: ముందు పీట్రేస్‌తో పట్టుకుని, తర్వాతే మెమ్ ఫైల్లో రాయండి. ఇలా రాస్తే ఈ మూడింట్లో రెండు సెట్టింగుల్లో మీ టూల్ నడుస్తుంది. ఈమధ్య జీడీబీ మెమరీ కోసం వెళ్తున్న దారి కూడా మెమ్ ఫైలే, అందువల్ల థ్రెడ్‌లు నడుస్తుండగానే మెమరీ చూడగలుగుతోంది.

వీఎం రీడ్‌వీ: చదివేవాళ్ల కోసం

దీన్ని డీబగ్గర్ల కోసం పెట్టలేదు. ఐబీఎంలో పనిచేసిన క్రిస్టఫర్ యో, ఎంపీఐ (ప్రాసెస్‌లు మెసేజీలతో మాట్లాడుకునే పద్ధతి) ప్రోగ్రాములు ఒకే మెషీన్ మీద ఒకదానికొకటి పెద్ద మెసేజీలు పంపుకునేటప్పుడు షేర్డ్ మెమరీ ద్వారా రెండు కాపీలు కాకుండా ఒకే కాపీతో అయిపోవాలని దీన్ని తయారుచేశాడు. లినక్స్ 3.2లో, 2012 జనవరిలో వచ్చింది. ఆ పుట్టుక వల్లే దీని గుణాలు ఇలా ఉన్నాయి: టార్గెట్ పేజీల నుంచి నేరుగా మీ బఫర్లోకి ఒకే కాపీ, మధ్యలో కెర్నల్ బఫర్ లేదు, అటాచ్ అక్కర్లేదు, ఆపక్కర్లేదు, తెరిచి మూసే ఫైలు కూడా లేదు. ఒకే కాల్‌లో 1024 వరకు వేర్వేరు ముక్కలు అడగొచ్చు. చెల్లాచెదురుగా ఉన్న చిన్న చిన్న స్ట్రక్చర్లు ఒకేసారి లాగేవాళ్లకి ఇంతకంటే మంచిది లేదు.

పైథాన్ ప్రొఫైలర్ పై-స్పై, రూబీ ప్రొఫైలర్ ఆర్‌బీఎస్‌పై లినక్స్‌లో చేసేది ఇదే. ఎల్ఎల్‌డీబీ కూడా మెమరీ చదవడానికి ముందు దీన్నే ప్రయత్నించి, కుదరకపోతే పీట్రేస్‌కి దిగుతుంది. పైథాన్ 3.14లో వచ్చిన రిమోట్ ఎగ్జెక్ సదుపాయం కూడా లినక్స్‌లో ఈ కాల్స్ మీదే నిలబడింది.

పరిమితులు మాత్రం తెలుసుకుని దిగండి. ఇది పేజీ పర్మిషన్‌ని గౌరవిస్తుంది. రీడ్ ఓన్లీ పేజీలో రాయలేదు కాబట్టి బ్రేక్‌పాయింట్ ఆశ వదులుకోండి. ప్రాట్ నన్ అని, అంటే ఎవరూ ముట్టకూడదని, పెట్టిన పేజీ మెమ్ ఫైలుకి కనిపిస్తుంది గానీ దీనికి కనిపించదు. డ్రైవర్లు మ్యాప్ చేసిన డివైస్ మెమరీలో కూడా ఇంతే, పీట్రేస్‌కీ మెమ్ ఫైలుకీ అక్కడ వేరే దారి ఉండొచ్చు, దీనికి ఉండదు. పొడవు తెలియని సీ స్ట్రింగ్ చదివేటప్పుడు ఒక ముక్క రెండు పేజీల మీదకి పాకకుండా 4 కేబీ హద్దు దగ్గర విడగొట్టండి, లేదంటే రెండో పేజీ లేకపోయినందుకు మొదటి పేజీలో ఉన్న మంచి డేటా కూడా పోగొట్టుకుంటారు. కెర్నల్ బిల్డ్‌లో క్రాస్ మెమరీ అటాచ్ ఆప్షన్ తీసేసి ఉంటే అసలు సిస్టమ్ కాలే లేదంటుంది, కాబట్టి వెనక మెమ్ ఫైలు దారి ఉంచుకోండి.

ఇంకొకటి, నాకు ఎక్కువ టెన్షన్ పెట్టేది: ఇది పిఐడి నంబరు తీసుకుంటుంది. పిఐడిఎఫ్‌డి (ఆ ఒక్క ప్రాసెస్‌కే కట్టేసిన డిస్క్రిప్టర్) ఇవ్వడానికి వీల్లేదు. టార్గెట్ చచ్చిపోయి అదే నంబరుతో ఇంకో ప్రాసెస్ పుడితే మీ టూల్‌కి తెలియకుండా దాని మెమరీ చదువుతుంది. సెకనుకి వందసార్లు శాంపిల్ తీసుకునే ప్రొఫైలర్ గంటలకొద్దీ నడిస్తే ఇది కాగితం మీది సమస్య కాదు. మధ్యమధ్యలో స్టాట్ ఫైల్లో ఉండే స్టార్ట్ టైమ్ పోల్చుకోండి, లేదా పిఐడిఎఫ్‌డి ఒకటి తెరిచి ఉంచి ప్రాసెస్ బతికుందో లేదో చదివాక కూడా చూడండి. చదవక ముందు చూస్తే సరిపోదు.

ఆపి చదవాలా, నడుస్తుండగా చదవాలా

మూడు దారుల మధ్య ఎంచుకోవడం కన్నా ఈ ప్రశ్నే పెద్దది. నడుస్తున్న ప్రాసెస్‌ని చదివితే మీకొచ్చేది ఒక క్షణపు ఫొటో కాదు. లింక్డ్ లిస్ట్‌లో మొదటి నోడ్ చదివి రెండోదానికి వెళ్లేలోపు టార్గెట్ దాన్ని ఫ్రీ చేసి ఉండొచ్చు, అక్కడ ఇప్పుడు ఇంకేదో ఉంటుంది, చెల్లే అడ్రస్‌లానే కనిపిస్తుంది. ఒకే వీఎం రీడ్‌వీ కాల్‌లో అన్నీ అడిగినా అది అటామిక్ (అంతా ఒకే క్షణంలో జరిగేది) కాదు. అందుకే పై-స్పై కూడా మామూలుగా శాంపిల్ తీసేటప్పుడు ప్రాసెస్‌ని కాసేపు ఆపుతుంది, నాన్‌బ్లాకింగ్ మోడ్ కావాలంటే మీరే అడగాలి. గణాంకాల కోసం అయితే పది వేల శాంపిల్స్‌లో కొన్ని చెడినా పారేయొచ్చు, పాయింటర్‌ని నమ్మే ముందు మ్యాప్స్‌తో సరిచూడండి, లూప్‌కి ఒక హద్దు పెట్టండి. బగ్ వెతుకుతుంటే మాత్రం ఆపి చదవండి, సగం మారిన స్ట్రక్చర్‌ని బగ్ అనుకుని రోజులు పోగొట్టుకోవద్దు.

ఆపడం కూడా ఉచితం కాదు. ఆగి మళ్లీ నడిచినప్పుడు కొన్ని సిస్టమ్ కాల్స్, ఉదాహరణకి ఈపోల్ వెయిట్, ఈఇంటర్ (మధ్యలో ఆటంకం వచ్చిందనే) ఎర్రర్‌తో తిరిగొస్తాయి. దాన్ని సరిగా పట్టించుకోని ప్రోగ్రాము మీరు అటాచ్ చేసినందుకే పడిపోవచ్చు. ఒక ప్రొడక్షన్ సర్వీసుని నేను సొంతంగా రాసిన చిన్న టూల్‌తో పరిశీలిస్తుండగా ఆ టూల్ క్రాష్ అయింది. ట్రేసర్ పోతే కెర్నల్ టార్గెట్‌ని వదిలేసి నడవనిస్తుంది, అది మంచిదే, కానీ నేను పెట్టిన ఇంట్3 బైట్లు కోడ్‌లో అలాగే మిగిలిపోయాయి. ఐదు నిమిషాల తర్వాత ఎవరో ఆ ఫంక్షన్ పిలిచారు, పట్టుకునే డీబగ్గర్ లేదు, బ్రేక్‌పాయింట్ సిగ్నల్ సిగ్‌ట్రాప్‌తో సర్వీసు చచ్చిపోయింది. కారణం తెలుసుకోవడానికి నాకు అరపూట పట్టింది. అప్పటి నుంచి ప్రొడక్షన్‌లో రాసే పని ఏదీ పెట్టుకోను, చదవడంతోనే సరిపెట్టుకుంటాను, తప్పదంటే బ్రేక్‌పాయింట్లు తీసేసే పనిని వేరే చిన్న ప్రాసెస్‌కి అప్పగిస్తాను.

చదవడం వల్ల కూడా టార్గెట్ మారుతుందని కొత్తవాళ్లకి తెలియదు. స్వాప్‌లో (డిస్క్ మీదకి తోసేసి) ఉన్న పేజీని మీరు అడిగితే కెర్నల్ దాన్ని ర్యామ్‌లోకి తెస్తుంది, ఇంతవరకూ తాకని ఫైల్ పేజీలు కూడా లోడ్ అవుతాయి, టార్గెట్ ఆర్ఎస్ఎస్ (ర్యామ్‌లో తీసుకున్న చోటు) పెరుగుతుంది. మెమరీ లిమిట్ అంచున ఉన్న కంటైనర్ మొత్తాన్ని స్కాన్ చేయబోతే మెమరీ చాలనప్పుడు ప్రాసెస్‌లని చంపే ఓఓఎం కిల్లర్‌ని మీరే పిలిచినట్టు. ముందు పేజ్‌మ్యాప్ ఫైలు చదివి, 63వ బిట్ 1 ఉన్న పేజీలు మాత్రమే, అంటే ఇప్పటికే ర్యామ్‌లో ఉన్నవి మాత్రమే చదవండి.

మెమరీలో తెలుగు వెతికేవాళ్లకి ఒక మాట. యూటీఎఫ్-8లో ప్రతి తెలుగు కోడ్ పాయింట్ 3 బైట్లు, మొదటిది ఎప్పుడూ 224, రెండోది 176 లేదా 177. పీక్ ఇచ్చే 8 బైట్ల ముక్కల్లో అక్షరం మధ్యలో తెగడం ఖాయం, పెద్ద ముక్కలుగా చదివినా రెండు ముక్కల హద్దు దగ్గర కొన్ని బైట్లు అతివ్యాప్తి ఉంచుకోవాలి. పైగా పైథాన్ ప్రాసెస్ లోపల తెలుగు స్ట్రింగ్ మామూలుగా యూటీఎఫ్-8లో ఉండదు, అక్షరానికి 2 బైట్ల చొప్పున ఉంటుంది, జావాలో కూడా యూటీఎఫ్-16. లిటిల్ ఎండియన్ (చిన్న విలువ బైటు ముందు పెట్టే) మెషీన్‌లో ప్రతి రెండో బైటు 12 అవుతుంది. సర్వర్లో ఒక తెలుగు పేరు ఎక్కడ చెడిపోతోందో వెతుకుతూ యూటీఎఫ్-8 బైట్లతోనే స్కాన్ చేస్తే, స్ట్రింగ్ కళ్లెదుటే ఉన్నా దొరకదు.

కంటైనర్లు

డాకర్‌లో పీట్రేస్ పనిచేయదని పాత సలహాలు ఇంకా తిరుగుతున్నాయి. డాకర్ డీఫాల్ట్ సెక్‌కాంప్ (సిస్టమ్ కాల్స్‌ని వడపోసే) ప్రొఫైల్ పాత కెర్నళ్ల మీద దాన్ని ఆపేది, ఎందుకంటే లినక్స్ 4.8 కన్నా ముందు పీట్రేస్‌తో సెక్‌కాంప్‌ని దాటేయొచ్చు. డాకర్ 19.03 నుంచి, 4.8 లేదా ఆ పై కెర్నల్ ఉంటే డీఫాల్ట్‌గానే వదులుతుంది. కంటైనర్ లోపల వేరే యూజర్ ప్రాసెస్ చూడాలంటే సిస్ పీట్రేస్ కేపబిలిటీ ఇవ్వండి. ప్రివిలేజ్డ్ మోడ్ పెట్టేయడం మాత్రం తలనొప్పికి తల తీసేసుకున్నట్టు. కుబెర్నెటిస్‌లో ఎఫెమెరల్ (తాత్కాలిక) కంటైనర్ వేసి టార్గెట్ కంటైనర్ ప్రాసెస్ నేమ్‌స్పేస్ పంచుకోండి, కూబ్‌సీటీఎల్ డీబగ్‌లో జనరల్ ప్రొఫైల్ ఆ కేపబిలిటీని చేరుస్తుంది. ఇవన్నీ చేసినా హోస్ట్‌లో యామా 3 ఉంటే దాని మాటే చెల్లుతుంది, ముందు అది చూసుకోండి.

మూడింటికీ అందని మెమరీ కూడా ఉంది. లినక్స్ 5.14లో వచ్చిన మెమ్‌ఎఫ్‌డి సీక్రెట్‌తో తీసుకున్న పేజీలు కెర్నల్ తన డైరెక్ట్ మ్యాప్ (ర్యామ్‌ని కెర్నల్ చూసే పట్టిక) నుంచే తీసేస్తుంది, రూట్‌గా వెళ్లినా ఈ దారుల్లో దొరకవు. తాళపు చెవులు దాచే ప్రోగ్రాము రాస్తుంటే మీరు వాడాల్సింది అదే.

విండోస్, మ్యాక్ సంగతి

విండోస్‌లో ఎంపిక పెద్దగా లేదు. వీఎం రీడ్ హక్కు అడుగుతూ ఓపెన్‌ప్రాసెస్ చేసి హ్యాండిల్ తీసుకోండి, రీడ్‌ప్రాసెస్‌మెమరీ పిలవండి. హ్యాండిల్ కాబట్టి నంబరు మారిపోయే బాధ లేదు, మన మెమ్ ఫైలు లాంటి గుణమే. అడిగిన పరిధిలో ఒక్క పేజీ చదవలేకపోయినా 299 నంబరు ఎర్రర్ వస్తుంది. కోడ్ మార్చాక ఇన్‌స్ట్రక్షన్ క్యాష్ ఫ్లష్ చేయడం మర్చిపోవద్దు, ఆర్మ్ మెషీన్ల మీద ఆ మరుపుకి శిక్ష వెంటనే పడుతుంది. ప్రొటెక్టెడ్ ప్రాసెస్‌ల దగ్గర అడ్మిన్ హక్కులు కూడా చెల్లవు.

మ్యాక్‌లో పీట్రేస్ పేరు ఉంది గానీ మెమరీ చదివే పని దానితో కాదు. టాస్క్ ఫర్ పిఐడి ద్వారా టార్గెట్ టాస్క్ పోర్ట్ (ఆ ప్రాసెస్‌కి హ్యాండిల్ లాంటిది) సంపాదించి మాక్ (Mach) కెర్నల్ వీఎం రీడ్ కాల్స్ వాడాలి. కష్టమంతా ఆ పోర్ట్ సంపాదించడంలోనే: మీ టూల్‌కి డీబగ్గర్ ఎంటైటిల్‌మెంట్‌తో (సంతకంలో చేర్చే అనుమతితో) సంతకం ఉండాలి, టార్గెట్‌లో గెట్ టాస్క్ అలౌ అనే ఎంటైటిల్‌మెంట్ ఉండాలి, ఆపిల్ సొంత ప్రోగ్రాములైతే సిస్టమ్ ఇంటెగ్రిటీ ప్రొటెక్షన్ అడ్డుకుంటుంది. ఎక్స్‌కోడ్ డీబగ్ బిల్డ్‌లకి గెట్ టాస్క్ అలౌ దానంతటదే వస్తుంది, రిలీజ్ బిల్డ్‌కి అటాచ్ అవ్వబోయి కుదరక తల పట్టుకునేవాళ్లు ముందు ఇది చూడాలి.

ఇక మళ్లీ లినక్స్‌కి వస్తే, పని బట్టి ఎలా తేలుస్తానో చెబుతాను. శాంపిలింగ్ ప్రొఫైలర్‌కి వీఎం రీడ్‌వీ, సందేహం లేదు, అయితే నడుస్తున్న థ్రెడ్ రిజిస్టర్లు దానితో రావు, కాబట్టి సీ, సీ++ నేటివ్ స్టాక్ కావాలంటే పీట్రేస్‌తో ఆపాల్సిందే. పైథాన్, రూబీల్లో ఫ్రేములు హీప్ నుంచే దొరుకుతాయి కాబట్టి మెమరీ ఒక్కటీ చాలు. పూర్తి డీబగ్గర్‌కి సీజ్, మెమ్ ఫైలు కలిపి. సెక్‌కాంప్ నోటిఫికేషన్ సూపర్‌వైజర్ (టార్గెట్ సిస్టమ్ కాల్స్‌ని పక్క నుంచి తనిఖీ చేసే ప్రోగ్రాము) రాస్తూ టార్గెట్ పంపిన పాత్ స్ట్రింగ్ చదవాలంటే మెమ్ ఫైలు తెరిచి, తెరిచాక ఆ నోటిఫికేషన్ ఐడీ ఇంకా చెల్లుతోందో లేదో అడిగి, అప్పుడే చదవండి, ఈ వరుస మారితే వేరే ప్రాసెస్ మెమరీని నమ్మే ప్రమాదం ఉంది. మెమరీ మొత్తం తీరిగ్గా చూడాలంటే ఈ మూడూ వద్దు, జీకోర్ టూల్‌తో కోర్ ఫైలు (మెమరీ నకలు) తీసి పెట్టుకోండి, డంప్ అయ్యేంతసేపు టార్గెట్ ఆగి ఉంటుంది కాబట్టి లోడ్ బ్యాలెన్సర్ నుంచి ముందు పక్కకి తప్పించండి, ఆ కోర్ ఫైల్లో కస్టమర్ల డేటా కూడా ఉంటుంది కాబట్టి దాన్ని ఎవరి మెషీన్‌కి కాపీ చేస్తున్నారో ఒకసారి చూసుకోండి.